ముందుకు వంగిన కుక్క, వెనక్కి ఎగిరిన మనిషి

రామచంద్రాపురంలో ముంబై రోడ్డు మీద ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. నలుగురు నిలబడితే నిండిపోయే గది. కావలసిన పాటల జాబితా రాసిస్తే రెండు మూడు రోజుల్లో ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఏ వైపు ఎన్ని పాటలు పడతాయో నోటిలెక్కన చెప్పేయడం కౌంటర్ దగ్గరి కుర్రాడి గొప్ప. అతని వెనక గోడకు రెండు బొమ్మలు పక్కపక్కన అంటించి ఉండేవి. ఒకటి గ్రామఫోను బాకా ముందు కూచుని తల వాల్చి వింటున్న కుక్క. రెండోది ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన నలుపు తెలుపు ఫోటో. నల్ల కళ్లద్దాల మనిషి పెద్ద కుర్చీలో జారగిలబడి ఉంటాడు. ఎదుటి స్పీకర్లోంచి వచ్చే హోరుకు అతని జుట్టు, టై, పక్కనున్న దీపం గొడుగు అన్నీ వెనక్కి ఎగిరిపోతుంటాయి.

పాత స్టీరియోల మీద ఇప్పుడు మళ్లీ మోజు లేచింది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పనిచేయని క్యాసెట్ డెక్కుకు కూడా బేరం తెగడం లేదు. ఆ మోజుకు ముడిసరుకు యంత్రాల కంటే ఈ రెండు బొమ్మలే అని నా అనుమానం. అందుకే వాటిని ఇంకోసారి పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ముందు కుక్క సంగతి. పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి సోదరుడు పెంచుకున్నది. ఆయన పోయాక బరాడ్ దగ్గరికి చేరింది. 1895లో అదీ పోయింది. అది పోయిన కొన్నేళ్లకు బరాడ్ ఈ బొమ్మ వేశాడు. అప్పుడు అందులో ఉన్నది గ్రామఫోను కాదు, గొట్టం తిరిగే ఫోనోగ్రాఫు. ఆ యంత్రాలమ్మే కంపెనీకి చూపిస్తే, కుక్కలు ఫోనోగ్రాఫులు వినవు పొమ్మన్నారట. 1899లో లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ వాళ్లు మాత్రం, ఆ యంత్రం తీసేసి మాది పెడితే కొంటామన్నారు. పాత యంత్రం మీద రంగు పూసి, పళ్లెం తిరిగే కొత్త యంత్రం వేసిచ్చాడు. ముట్టింది 100 పౌన్లు. యంత్రం మారినా కుక్క మొహంలో ఒక్క గీత కూడా మార్చక్కర్లేకపోయింది. ప్రకటనల కళ గురించి ఇంతకంటే నిజాయితీగా చెప్పే ఉదంతం నాకు ఇంకోటి తెలియదు.

ఆ కంపెనీయే 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసింది. తర్వాత అక్కడే ఫ్యాక్టరీ పెట్టింది. మనవాళ్లకు హెచ్.ఎం.వి. అనే అక్షరాలు పట్టేదాకా అది కుక్క బొమ్మ కంపెనీయే. ఫియెస్టా అనే చిన్న రికార్డు ప్లేయరు, పెట్టెలా మూతేసి చేత్తో పట్టుకుపోయేది, మధ్యతరగతి ఇళ్లకు వచ్చినప్పుడు కూడా పిల్లలు ముందు వేలు పెట్టింది కుక్క మీదే.

ఇక కుర్చీ మనిషి. జపాన్ కంపెనీ మాక్సెల్ కోసం అమెరికాలో స్టీవెన్ స్టైగ్‌మన్ తీసిన ఫోటో, 1980ల తొలినాళ్లలో ఊరేగింది. నిజానికి అది స్పీకర్ల ప్రకటన కాదు, క్యాసెట్ల ప్రకటన. 500 సార్లు వేసినా ధ్వని చెక్కుచెదరదన్నది దాని హామీ. ఇవాళ ఆ ఫోటో గుర్తున్నవాళ్లలో చాలామందికి క్యాసెట్ గుర్తులేదు. స్పీకరు, కుర్చీ, ఎగిరే టై మిగిలాయి. సరుకు అమ్మడానికి పుట్టిన బొమ్మ సరుకునే మింగేసింది.

రెంటినీ కలిపి చూస్తే మొదట కనబడేది ఒంటి భంగిమ. కుక్క ముందుకు వంగింది, మనిషి వెనక్కి ఒరిగాడు. కుక్క బొమ్మలో శబ్దం చిన్నది, చెవి పెద్దది. పనంతా వినేవాడిదే. బాకాలోంచి వచ్చే సన్నని గొంతులో తన యజమానిని పోల్చుకోవడానికి అది ప్రాణమంతా చెవిలో పెట్టింది. ఫోటోలో పనంతా యంత్రానిది. మనిషి చేసేది కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోవడమే. హై ఫిడెలిటీ అన్న మాటను మనం వాట్లలోకి, బేసులోకి అనువదించుకున్నాం గానీ, ఫిడెలిటీ అంటే విశ్వాసం. తెలుగులో విశ్వాసం అనగానే ఏ జంతువు గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. ఆ మాటకు బొమ్మ కావాలంటే కుక్కే సరైనది. ఫోటో మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది, నాలుగోసారికి ఆ హోరు తప్ప అందులో ఏమీ లేదని తెలుస్తుంది. కుక్కను వందోసారి చూసినా అది ఏం వింటోందో అని ఒక్క క్షణం ఆగుతాం.

గెలిచింది మాత్రం ఫోటోనే. 1990ల్లో మన దుకాణాల్లో టూ ఇన్ వన్‌ల మీద అంటించిన చీటీలు చూడండి: పీఎంపీవో ఇన్ని వందల వాట్లు! అంటే రెప్పపాటు సేపు యంత్రం ఎగదన్నగల గరిష్ఠ శక్తికి కట్టిన ఊహాలెక్క. నిలకడగా ఇవ్వగలిగే శక్తిని ఆర్‌ఎంఎస్ అంటారు, అది అందులో పిసరంత. ఆ అంకెను చీటీ మీద వేసేవాళ్లు కాదు. రొట్టెముక్కంత స్పీకర్ల పెట్టెకు కళ్యాణ మండపం అంత అంకె. కుర్చీ మనిషి మన బజారుకు అంకె రూపంలో వచ్చాడు.

కానీ రెండు బొమ్మల్లోనూ ఒకే పొరపాటు ఉంది, అది నాకు రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ క్వార్టర్స్‌లో పెరగడం వల్ల తెలిసింది. రెంటిలోనూ వినేది ఒక్కరే.

1960ల్లో చెకొస్లొవేకియా సాయంతో లేచిన ఫ్యాక్టరీ అది. దాని చుట్టూ కాలనీ, ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు. ఇళ్లన్నీ గోడకు గోడ. మా ఇంట్లో నేషనల్ పానాసోనిక్ టేపు రికార్డరు ఉండేది, దుబాయి నుంచి బాబాయి తెచ్చింది. దాని వాల్యూం మా చేతిలో లేదు. పక్కింటాయన ఏ షిఫ్టులో ఉన్నాడన్నదాన్ని బట్టి ఉండేది. నైట్ షిఫ్టు చేసొచ్చి ఆయన పడుకున్నాడంటే మధ్యాహ్నం దాకా మీట రెండు దాటకూడదు. అమ్మ ఆ మీట పక్కన బాల్‌పెన్‌తో చిన్న గీత గీసింది, అది నైట్ షిఫ్టు గీత. మాకు హైఫై అంటే ఆ గీతకు ఇవతల కూడా మాటలు అర్థమవడం. సాయంత్రం ఆయన లేచాక గోడ అవతల నుంచి వాళ్లావిడ గొంతు వచ్చేది: “వదినా, ఇందాకటి పాట మళ్లొకసారి వెయ్యమను పిల్లగాణ్ణి.” ఒక ఇంటి టేపు రికార్డరు మూడిళ్లకు పాడేది. బెల్టు తెగితే మూడిళ్లకూ నోరు పడిపోయేది.

ఇక్కడ మూడో బొమ్మ ఒకటి గుర్తొస్తుంది. కొమ్ములూ తోకా ఉన్న ఒనిడా దయ్యం, 1980ల టీవీ ప్రకటనది. నైబర్స్ ఎన్వీ, ఓనర్స్ ప్రైడ్ అన్న నినాదం. ఈ దేశంలో పొరుగువాణ్ణి ప్రకటనలోకి తెచ్చిన ఘనత దానిదే, అది ఒప్పుకోవాలి. తెచ్చి ఏడుపుగొట్టుగా నిలబెట్టింది. టీవీకి అది సరిపోతుందేమో. బొమ్మను గోడ ఆపుతుంది, చూడాలంటే పొరుగువాడు మన గడప తొక్కి చాప మీద కూచోవాలి. పాటను గోడ ఆపదు. అవతలివాళ్లకు ఉచితంగా అందే వస్తువు మీద అసూయ ఎలా పుడుతుంది? మహా అయితే పాట బాగాలేదని సణుగుడు పుడుతుంది.

ప్రకటనే లేని స్టీరియో కూడా ఒకటుండేది, విమర్శకుడిగా నా ఓటు దానికే. కోఠీ గుజరాతీ గల్లీలో 4440 ఐసీ బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, రెండు విడి స్పీకర్లు కొనుక్కొచ్చి ఎవరికివారు కట్టుకున్న యాంప్లిఫయరు. డబ్బాకు డబ్బులుండేవి కావు. మట్టికుండ మూతి మీద స్పీకరు బోర్లిస్తే గుమ్మని బేసు వచ్చేది. కుండ కడుపులోని గాలి ఒకానొక స్థాయి దగ్గర స్పీకరుతో కలిసి మోగుతుంది, కంపెనీ పెట్టెల్లోనూ అదే సూత్రం. సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో అటకల మీద అలాంటి కుండలు చాలా చూశాను. చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క బిగించి, అదిరిపోకుండా. వాటి జ్ఞాపకాలు ఎవరూ అచ్చు వేయరు. వాటికి బ్రోషరు లేదు మరి.

మొన్న ఎర్రగడ్డ సంతలో ఒక డెక్కు ముందు కూచున్నాను. మూత లేదు, ఒక మీట విరిగింది.

“నడుస్తదా?”

“నడుస్తది సార్. బెల్ట్ మార్చుకోవాలె, హెడ్ సాఫ్ చెయ్యాలె. జపాన్ మాల్ ఇది.”

నా పక్కన ముప్ఫయ్యేళ్ల కుర్రాడు ఇంకో యాంప్లిఫయరుకు ఫోటోలు తీస్తున్నాడు. ఇంట్లో ఒక గది దీనికోసమే కేటాయించాడట. గోడలకు స్పాంజి కొట్టించాడట, చప్పుడు బయటికి పోకుండా, లోపలికి రాకుండా. కుర్చీ కూడా కొన్నాడట, నల్లతోలుది. నవ్వాపుకున్నాను. అతను పోగొట్టుకున్నదాన్ని వెతుక్కోవడం లేదు, అతను పుట్టకముందు అచ్చయిన ఫోటోలోకి ఎక్కి కూచుంటున్నాడు. తప్పనను. గుర్తుపెట్టుకోవడం అని మాత్రం దాన్ని పిలవలేను.

తిరిగొచ్చేటప్పుడు పాశమైలారం వైపు పని ఉండి వెళ్లాను. ఫ్యాక్టరీ గేట్ల ఎదుట వరస గదులు, షిఫ్టు దిగిన బిహారు, ఒడిశా కుర్రాళ్లు. నీళ్లడ్రమ్ము మీద అరచేతంత బ్లూటూత్ స్పీకరు, అందులో భోజ్‌పురి పాట. ఒకడు బట్టలు పిండుతున్నాడు, ఒకడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు, ఎవడూ దాని ముందు కూచోలేదు. మూడో గదిలోంచి ఎవడో అరిచాడు, ఇవతలివాడు లేచి సౌండు తగ్గించాడు. మా అమ్మ గీసిన గీత అతని ఫోను మీద ఎక్కడుందో మరి.

డెక్కు కొన్నాను. బెల్టు దొరకడానికి మూడు వారాలు పట్టింది. రికార్డింగ్ సెంటర్లో చేయించిన పాత క్యాసెట్ ఒకటే మిగిలింది. అట్ట మీద ఆ కుర్రాడి చేతిరాత, ఎ వైపు చివరి పాటకు చుక్క. ఆ రోజు అతని నోటిలెక్క తప్పింది. రెండో చరణం మధ్యలో, సరిగ్గా గాయని ఊపిరి తీసుకున్న చోట, టేపు అయిపోతుంది. ఆ పాట ఇప్పుడు ఫోనులో పూర్తిగా వస్తుంది. అక్కయ్య పాడినా, తమ్ముడు పాడినా, మా ఇంట్లో అందరం ఇప్పటికీ ఆ ఊపిరి దగ్గరే ఆగిపోతాం.