వైద్య పరిభాషలో అవయవార్థం: తెలుగు పదనిర్మాణంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ఆధునిక వైద్య పదాలు గ్రీకు, లాటిన్ పదభాగాల కూర్పుతో ఏర్పడ్డాయి. వాటికి తెలుగు సమానార్థకాలు కల్పించేటప్పుడు పదాన్ని మొత్తంగా అనువదించారే గాని, అందులోని భాగాలకు స్థిరమైన తెలుగు రూపాలను నిలపలేదు. ఈ లోపానికి తెలుగు భాషాశక్తి కారణం కాదనీ, తెలుగు సమాస వ్యవస్థలో తగిన సాధనాలు ముందే ఉన్నాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అవయవార్థం, రూఢి, ఔపవిభక్తికం, మిశ్రమ సమాసం, పారిభాషిక పదం.

1. ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్ వైపు సాగే విజయవాడ రహదారి వెంట వైద్యశాలల పేరుపలకలు తెలుగు వైద్య పరిభాష స్థితికి మంచి నమూనా. 'ఆర్థోపెడిక్', 'న్యూరాలజీ', 'గైనకాలజీ' వంటి మాటలు వాటిపై తెలుగు లిపిలో కనిపిస్తాయి. ఆ వైద్యశాలలకు వచ్చేవారు మాత్రం 'ఎముకల డాక్టరు', 'నరాల డాక్టరు', 'ఆడవాళ్ల డాక్టరు' అంటారు. పలక మీది మాట లిపి మార్చుకుంది, కాని దాని కూర్పు చదువరికి అందదు. జనం నోటి మాటకు శాస్త్ర గౌరవం లేకపోయినా దాని కూర్పు తేటగా ఉంది. పాఠ్యగ్రంథాల్లోని పారిభాషిక పదం ఈ రెండింటి మధ్య నిలుస్తుంది.

భారతీయ శబ్దార్థ విచారం పదాలను యౌగికం, రూఢం, యోగరూఢం అని విభజించింది. భాగాల అర్థం నుంచే మొత్తం అర్థం తెలిస్తే అది యౌగికం. భాగాలతో నిమిత్తం లేకుండా వాడుక వల్లనే అర్థం నిలిస్తే రూఢం. భాగాల అర్థం ఉంటూనే వాడుక దాన్ని ఒకే వస్తువుకు పరిమితం చేస్తే యోగరూఢం. 'పంకజం' దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. వైద్య పదాల పరిశీలనకు ఈ విభజన చాలా ఉపయోగకరం.

2. గ్రీకు, లాటిన్ పదాల కూర్పు

'గాస్ట్రోఎంటరైటిస్' అనే పదంలో 'గాస్ట్ర్' కడుపు, 'ఎంటర్' పేగు, 'ఐటిస్' శోథ. మొదటి రెండింటినీ కలిపే 'ఓ' అనే అచ్చుకు స్వతంత్రార్థం లేదు, కలపడమే దాని పని. 'ఐటిస్' తెలిసిన విద్యార్థికి 'హెపటైటిస్', 'డెర్మటైటిస్', 'ఆర్థ్రైటిస్' సగం అర్థమైనట్టే. అవయవాల పేర్లు నేర్చుకుంటే మిగిలిన సగం కూడా తెలుస్తుంది. ఈ పరిభాష బలం ఒక్కొక్క పదంలో కంటే భాగాల పునరావృత్తిలో ఎక్కువగా ఉంది.

అయితే ఆ భాగాలు ఎల్లవేళలా నిజం చెబుతాయని భావించరాదు. 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ కల్పించిన 'ఆర్థోపెడిక్' పదంలో ఎముక ఎక్కడా లేదు. 'ఆర్థోస్' అంటే తిన్ననిది, 'పైస్' అంటే బిడ్డ. పిల్లల శరీర వైకల్యాలను సరిదిద్దే విద్యకు పెట్టిన పేరు తరువాత ఎముకల వైద్యం మొత్తానికీ రూఢి అయింది. ఈ సందర్భంలో 'ఎముకల డాక్టరు' అనే జనవ్యవహారమే యౌగికం, శాస్త్రపదమే రూఢం. 'ఐటిస్' కూడా మొదట శోథను సూచించలేదు. గ్రీకులో అది 'సంబంధించిన' అనే అర్థమిచ్చే స్త్రీలింగ విశేషణ ప్రత్యయం. 'కీళ్లకు సంబంధించిన వ్యాధి' అనే పదబంధంలో 'వ్యాధి' అనే మాట జారిపోగా ప్రత్యయం మిగిలింది. ఆధునిక వైద్యం దానికి శోథ అనే అర్థాన్ని స్థిరపరిచింది. కాబట్టి భాగానికి స్థిరత్వం పుట్టుకతో రాలేదు, శాస్త్రజ్ఞుల ఒడంబడిక వల్ల వచ్చింది. తెలుగు విషయంలో గమనించవలసిన మొదటి సత్యం ఇదే.

3. తెలుగులో కూర్పు సాధనాలు

గ్రీకు 'ఓ' చేసే పనిని తెలుగులో ఔపవిభక్తికాలు చేస్తాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పిన ఇ, టి, తి అనే మూడు రూపాలకూ శరీరావయవాలే ఉదాహరణలుగా దొరుకుతాయి: కాలు–కాలి, కన్ను–కంటి, చేయి–చేతి. నోటి, ఒంటి, పంటి, నెత్తుటి అనే రూపాలూ ఈ కోవలోనివే. ఇవి విడిగా వాక్యంలో కర్తగా నిలవవు. మరొక పదంతో కలవడానికే సిద్ధమైన రూపాలు. వైద్య పరిభాషకు కావలసిన కూర్పు రూపాలు తెలుగు వ్యాకరణంలో ఇలా ముందే ఉన్నాయి.

తెలుగు, గ్రీకు నిర్మాణాల మధ్య ముఖ్యమైన భేదం క్రమంలో ఉంది. 'హైపోగ్లైసీమియా'లో తక్కువ, తీపి, రక్తం అనే అర్థాలు వరుసగా వస్తాయి. 'రక్తంలో చక్కెర తగ్గుదల' అనే తెలుగు మాటలో అవే అర్థాలు సరిగ్గా తలకిందులుగా వస్తాయి. దేశ్య పదాలకు ఉపసర్గల సంపద లేదు. లేమి, కొరత, తగ్గుదల వంటి ఉత్తరపదాలే ఆ భారాన్ని మోస్తాయి. అందువల్ల గ్రీకు పూర్వపదానికి తెలుగులో పూర్వపదాన్నే వెతకాలనే నియమం అనవసరం.

4. భాగాల అస్థిరత

సాధనాలు ఉన్నా వాటి వాడుకలో స్థిరత్వం కొరవడింది. 'ఐటిస్' ఒక్కదానికే తెలుగులో పలు రూపాలున్నాయి. 'ఎన్‌సెఫలైటిస్' మెదడువాపు, 'హెపటైటిస్' పాఠ్యగ్రంథాల్లో కాలేయశోథ, వాడుకలో కామెర్లు, 'ఆర్థ్రైటిస్' కీళ్లవాతం. మూలంలో ఒకే ప్రత్యయంతో బంధువులైన పదాలు తెలుగులోకి వచ్చేసరికి ఆ బంధుత్వాన్ని కోల్పోయాయి.

ఈ రూపాల్లో ఒక్కొక్కదానికీ ఒక్కొక్క చిక్కు ఉంది. 'వాపు' శోథకూ, నీరు చేరి ఉబ్బడానికీ సమానంగా వాడే మాట. కాలివాపు అన్నంత మాత్రాన కాలికి శోథ ఉందని కాదు. 'శోథ' సంస్కృతపదమైనా ఆయుర్వేదంలో దాని అర్థం కూడా ఉబ్బడమే. ఆధునికార్థం తరువాతి ఒడంబడిక. 'వాతం' సంగతి వేరు. కీళ్లవాతంలో అది నొప్పినీ వాపునూ, పక్షవాతంలో చలనం పోవడాన్నీ తెలుపుతుంది. ఆయుర్వేదంలో దీనికి పొందిక ఉంది, ఎందుకంటే అక్కడ పదభాగం కారణమైన దోషాన్ని చెబుతుంది. గ్రీకు ప్రత్యయం అవయవంలో జరిగే వికారాన్ని చెబుతుంది. ఒక దర్శనంలోని పదభాగాన్ని మరొక దర్శనంలోని దానికి సమానార్థకంగా నిలిపితే మాట మిగులుతుంది, అవయవార్థం పోతుంది.

దేశ్యమైన 'పోటు' విషయం మరింత ఆసక్తికరం. గుండెపోటు, తలపోటు, చెవిపోటు అనేవి ఆచ్ఛిక సమాసాలు; పొడిచినట్టు వచ్చే బాధ అనే అర్థం వాటిలో స్పష్టం. 'రక్తపోటు'లోని పోటు 'ఆటుపోట్లు'లోని పోటుకు దగ్గరిది. దాని అర్థం ఉప్పొంగడం. పైగా రక్తపోటు అనే మాట కొలతకూ వ్యాధికీ పేరైంది. రక్తపోటు అందరికీ ఉంటుంది. 'ఆయనకు రక్తపోటు ఉంది' అన్నప్పుడు మాత్రం వ్యాధి అని అర్థం. 'అధిక రక్తపోటు', 'అల్ప రక్తపోటు' అనే రూపాలు ఈ సందిగ్ధాన్ని తీరుస్తాయి. భాగాన్ని చేర్చి అర్థాన్ని నిలబెట్టిన మంచి ఉదాహరణలివి.

భాగాల స్పష్టత పండితచర్చకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. 'హైపర్‌గ్లైసీమియా', 'హైపోగ్లైసీమియా' అనే పదాలు తెలుగు లిపిలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మొదటిదానిలో రక్తంలోని చక్కెరను తగ్గించాలి. రెండవదానిలో వెంటనే చక్కెర అందించాలి, ఆలస్యమైతే ప్రాణాపాయం. వైద్యశాల ఇచ్చే కాగితంపై 'రక్తంలో చక్కెర పెరుగుదల', 'రక్తంలో చక్కెర తగ్గుదల' అని ఉంటే తెలుగు చదవగలిగిన ఇంటివారు ఎవరైనా ఆ తేడాను గ్రహిస్తారు.

5. వైరి సమాస శంక

పదభాగాలను ఆలోచించి కూర్చడం హైదరాబాదుకు కొత్త కాదు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యంతో సహా శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. అందుకు అవసరమైన అనువాద సంస్థ 1917లోనే ఏర్పడింది. అక్కడి ఉర్దూ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీం 1921లో వెలువరించిన 'వజ్-ఎ-ఇస్తలాహాత్' పారిభాషిక పదనిర్మాణానికే అంకితమైన గ్రంథం. ఉపసర్గలు, ప్రత్యయాలు, సమాసాలు అందులో ప్రధాన విషయాలు. స్వాతంత్ర్యానంతరం 1961లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన శాస్త్రీయ, సాంకేతిక పదావళి సంఘం అన్ని భారతీయ భాషలకూ ఉమ్మడిగా ఉండేందుకు సంస్కృత ధాతువులకు ప్రాధాన్యమిచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదకోశాలనూ ప్రచురించింది. ఈ కృషి వల్లనే తెలుగులో జీవశాస్త్ర బోధన సాధ్యమైంది. అయితే సంస్కృత పదం పక్కన సంస్కృత పదమే ఉండాలనే అలవాటు వల్ల కన్ను, ఎముక, నెత్తురు వంటి మాటలు పాఠ్యగ్రంథానికి వెలుపలే నిలిచిపోయాయి.

తెలుగు, సంస్కృత పదాల కలయికను వైరి సమాసంగా శంకించే ధోరణి దీనికి ఒక కారణం. కాని సూరి మిశ్రమ సమాసాన్ని సాంస్కృతిక, ఆచ్ఛికాల సరసన ఒక విభాగంగా అంగీకరించాడు. 'రక్తపోటు' అటువంటిదే. పైగా ఆధునిక వైద్యభాష తానే మిశ్రమం. 'అపెండిసైటిస్', 'టాన్సిలైటిస్' పదాల్లో అవయవం పేరు లాటిన్, ప్రత్యయం గ్రీకు. 'హైపర్‌టెన్షన్'లో ముందుభాగం గ్రీకు, మిగిలినది లాటిన్. మూలంలో లేని శుద్ధిని అనువాదంలో కోరడం తర్కానికి నిలవదు. 'కీళ్ల శోథ', 'కంటి శోథ' వంటి రూపాలను ఈ దృష్టితో పునఃపరిశీలించాలి.

దీనికి ఎదురు కొసన లిప్యంతరీకరణ ఉంది. 2022 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో విడుదలైన హిందీ ఎంబీబీఎస్ పాఠ్యగ్రంథాల్లో ఆంగ్ల వైద్యపదాలను చాలావరకు దేవనాగరిలో ఉంచారు. పై చదువులకు, వృత్తికి ఇది సౌకర్యమే. కాని లిపి మార్పుతో భాష పని పూర్తవుతుందనుకుంటే వైద్యశాలల పేరుపలకల స్థితే పాఠ్యగ్రంథానికీ వస్తుంది.

6. ముగింపు

గుండెపోటు, పక్షవాతం, మధుమేహం, మెదడువాపు వంటి మాటలు జనవ్యవహారంలో నాటుకున్నాయి. వాటిని మార్చడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. కొత్తగా కల్పించే పదాల విషయంలో మాత్రం ప్రమాణం మారాలి. ఒక పదానికి ఒక పదం అనే పద్ధతికి బదులు, ఒక భాగానికి ఒక భాగం అనే పద్ధతిని పాటించాలి. శోథ, ఛేదనం, శూల వంటి ఉత్తరపదాలకు ఒక్కొక్క అర్థాన్నే స్థిరపరచాలి. వాటికి ముందు జనానికి తెలిసిన అవయవనామాన్ని ఔపవిభక్తిక రూపంలో నిలపాలి. అప్పుడు ఒక పదం నేర్చిన విద్యార్థి పది పదాలను విప్పగలడు. శాస్త్రపదానికీ రోగి మాటకూ మధ్య దూరం కూడా తగ్గుతుంది. పారిభాషిక పదకోశం వైద్యుల పనే గాక వ్యాకర్తల పని కూడా కావలసింది ఇక్కడే.