పిల్లి ఉన్న ఇంట్లో చీమల మందు

జనగామలో అయినా, మహబూబాబాద్‌లో అయినా, భూపాలపల్లిలో అయినా కిరాణం దుకాణం ముందు నిలబడి చీమల మందు ఇమ్మంటే దుకాణదారు తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే. "గీత గీసేదా అక్కా, పొడి చల్లేదా?" ఇంట్లో ఎవరెవరున్నారని అడగడు. పాకే పిల్లలున్నారా, పిల్లి ఉందా అన్న మాట ఆ బేరంలోకి రాదు. చాక్‌పీసు కొనుక్కుని ఇంటికొస్తారు. పొద్దు గూకేలోపు గడప పొడుగునా, పొయ్యి గట్టు చుట్టూ, చివరికి పిల్లి తినే గిన్నె చుట్టూ కూడా తెల్లటి గీతలు పడతాయి. గిన్నె చుట్టూ గీసిన ఆ గీత గురించి కాస్త గట్టిగానే మాట్లాడుకోవాలి.

పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడ్డ ఈ మూడు జిల్లాల్లో పిల్లి కొత్తగా వచ్చిన జీవేమీ కాదు. వడ్లు, పెసర్లు, మిర్చి బస్తాలు ఇంట్లోనే ఉండే రైతు కుటుంబాల్లో ఎలుకల కోసం దాన్ని ఉండనిచ్చేవారు. దాని తిండి అది వెతుక్కునేది. ఇప్పుడు జనగామ కొత్త కాలనీల్లో, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో పిల్లికి ఒక పేరుంది, ఒక గిన్నె ఉంది, ఆ గిన్నెలో రోజంతా ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. పాలలో నానిన అన్నం, చేప ముక్క, ప్యాకెట్ గింజలు. తీపి, కొవ్వు, మాంసకృత్తులు మూడూ ఒకేచోట దొరుకుతుంటే చీమలు రాకుండా ఎలా ఉంటాయి?

ముందు ఒక చీమ వస్తుంది. తిండి కనబడితే పొట్టను నేలకు రాస్తూ పుట్టకు తిరిగి పోతుంది. అలా రాసిన వాసన గీతను పట్టుకుని మిగతావి బయలుదేరతాయి. ఈ వాసన చీమ ఒంట్లో ఏ గ్రంథి నుంచి వస్తుందో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ 1959లో నిప్పు చీమల మీద చేసిన ప్రయోగాలతో చూపించాడు. ఇల్లాలికి దీనివల్ల తేలే విషయం చిన్నది, పనికొచ్చేది. బారుగా పోతున్న చీమల్ని చీపురుతో ఊడ్చేస్తే వాసన అక్కడే ఉంటుంది, గంటలో మళ్లీ బారు కడతాయి. సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో ఆ దారంతా తుడిస్తే చీమలూ పోతాయి, దారీ పోతుంది. పిల్లి ఆ నేల మీద నడిచినా భయం లేదు, ఆ తర్వాత మంచినీళ్లతో ఒకసారి తుడిస్తే చాలు.

ఇక చాక్‌పీసులో ఏముంటుంది? ఎక్కువ వాటిలో ఉండేది సైపర్‌మెత్రిన్, లేదంటే డెల్టామెత్రిన్. వీటి వంశమూలం చామంతి జాతికి చెందిన ఒక పువ్వు. ఆ పువ్వులోని పురుగుమందు గుణాన్ని చూసి, ఎండకు చెడిపోని రకాలను ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైఖేల్ ఇలియట్ బృందం 1970లలో తయారు చేసింది. పెర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అలా పుట్టినవే. మనిషి, కుక్క వీటిని కాలేయంలో విరగ్గొట్టి బయటికి పంపగలరు. పిల్లికి ఆ శక్తి తక్కువ. కాలేయంలో ఇలాంటి పదార్థాలకు ఒక చక్కెర అణువును తగిలించి బయటికి తోసే ఎంజైములుంటాయి. వాటిలో ఒక ముఖ్యమైన దాని జన్యువు పిల్లిలో పని చేయని స్థితిలో ఉందని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో తేల్చారు. మనకు జ్వరమొస్తే వేసుకునే పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం కావడానికి కారణం కూడా అదే.

దానికి తోడు పిల్లి తీరు ఒకటుంది. రోజులో చాలాసేపు ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది. పాదానికి అంటిన పొడి ఏదైనా కాసేపట్లో నాలుక మీదికి చేరాల్సిందే. మనిషి కాలికి అంటింది కడుక్కుంటే పోతుంది, పిల్లి కాలికి అంటింది పొట్టలోకి పోతుంది.

భయపెట్టడం కోసం చెప్పే మాట కాదిది. గీత దాటిన ప్రతి పిల్లీ పడిపోదు. చాక్‌పీసులో మందు పాలు తక్కువే, ప్రమాదం మోతాదును బట్టి ఉంటుంది. కుక్కల మీద పోసే పెర్‌మెత్రిన్ చుక్కల మందును పొరపాటున పిల్లికి వేసినప్పుడు వచ్చే ముప్పు దీనికన్నా చాలా పెద్దది. అయినా తిండి గిన్నె చుట్టూ, పడుకునే గోనె పక్కన, రోజూ తిరిగే గడప మీద మళ్లీ మళ్లీ గీయడం మాత్రం తప్పే.

ఈ మూడు జిల్లాల్లో ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పత్తికో మిర్చికో కొట్టగా సీసా అడుగున మిగిలిన మందు. పారబోయడానికి మనసు ఒప్పదు. "గోడ మూలకు చీమలున్నయి, జర చల్లుదాం" అనిపిస్తుంది. ఒకప్పుడు ఊరూరా గమాక్సిన్ పొడి, ఫాలిడాల్ పొడి చల్లినవారే. గమాక్సిన్ పేరుతో వాడిన బీహెచ్‌సీని మన దేశం 1997లో నిషేధించింది. దాని అసలు సారమైన లిండేన్ వాడకం 2013తో ఆగింది. ఫాలిడాల్ పేరుతో తెలిసిన మిథైల్ పారాథియాన్ 2018 ఉత్తర్వుతో నిషేధమైంది. మందులు పోయాయి కానీ చేతి అలవాటు పోలేదు. ఆ చోటులోకి ఇప్పుడు పొలం మందు ఏది దొరికితే అది వస్తోంది.

పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తుంటుంది. 1971 నాటి నిబంధనల ప్రకారం దాని కింది సగానికి రంగు వేస్తారు. ఎరుపు అన్నిటికన్నా విషపూరితం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. చదువు రానివాళ్లకు కూడా తెలియాలనే ఆ రంగులు పెట్టారు. ఎరుపు, పసుపు గుర్తున్న డబ్బా గడప దాటి లోపలికి రాకూడదు. దానికి పిల్లి ఒక్కటే కారణం కాదు, ఆ నేల మీద బువ్వ తినే పసిపిల్లలు కూడా.

మరి ఇంటి చిట్కాలు? సహజమైనవి కదా, వాటితో ఏం కాదులే అనుకుంటాం. ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. మహబూబాబాద్ అంటే మిర్చి యార్డు గుర్తుకొస్తుంది, ఆ చుట్టుపక్కల ఇళ్లలో కారానికి కొదవ లేదు. చీమల బొరియలో కారం పోయడం అక్కడ మామూలే. భూపాలపల్లి వైపు కూడా పండే చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది రంగు ఎక్కువ, ఘాటు తక్కువ రకం. అయినా కారం ఏదైనా పిల్లి ముక్కుకు, కళ్లకు, మెత్తటి పాదాలకు మంటే. ఒకసారి పాదంతో ముఖం తుడుచుకుందంటే ఆ బాధ చెప్పనలవి కాదు. బియ్యం డబ్బాలో వేసే కర్పూరం, బాత్రూములో వేలాడదీసే కలరా ఉండలు, నేల తుడిచే నల్ల ఫినాయిల్, మంచం కోళ్లకు పూసే కిరోసిన్, లవంగ నూనె, ఇవన్నీ పిల్లికి విషాలే. తడి సున్నం పాదాలను కాలుస్తుంది. పసుపు చల్లితే పెద్ద హాని లేదు, కాని దాని వల్ల చీమలు కాసేపు దారి మార్చుకుంటాయి, అంతే.

పని చేసే పద్ధతి మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది. అరిసెల డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టడం, జాలీ అల్మారా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచడం చూడని ఇల్లు లేదు. పిల్లి గిన్నెకూ అదే చేయాలి. వెడల్పాటి పళ్లెం తీసుకుని అందులో కప్పు బోర్లించి, దాని మీద పిల్లి గిన్నె నిలబెట్టాలి. గిన్నెకూ పళ్లెం అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ల నీళ్లు అడ్డంగా ఉండాలి. గిన్నె గోడకు ఆనకూడదు, ఆనితే చీమకు నీళ్లతో పనే లేదు. చాలామంది ఇక్కడి దాకా చేసి, రెండు రోజులకు చీమలు మళ్లీ ఎక్కాయని వదిలేస్తారు. ఒకసారి వంగి దగ్గరగా చూస్తే కారణం కనబడుతుంది. పిల్లి ఒంటి నుంచి రాలిన వెంట్రుక నీళ్ల మీద తేలుతూ, ఒక కొస పళ్లెం అంచును, మరో కొస గిన్నెను తాకుతుంటుంది. చలిచీమకు ఆ వెంట్రుకే వంతెన. పాల మీగడలా దుమ్ము పేరుకున్నా అంతే. అందుకే నీళ్లు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మార్చాలి. నీళ్లలో సబ్బు చుక్క వేస్తే చీమలు తొందరగా మునుగుతాయని కొందరు చెబుతారు. పిల్లి ఆ నీళ్లే తాగుతుంది కాబట్టి వద్దు, మంచినీళ్లే పోయాలి.

పళ్లెం చీమల్ని గిన్నె దగ్గర ఆపుతుంది, పుట్టను ఏమీ చేయదు. పుట్ట దాకా పోవాలంటే ఎర పెట్టాలి. ఎరలో ఉండే మేలు ఏమిటంటే, మందు నేల మీద ఉండదు, చీమ పొట్టలో ప్రయాణం చేస్తుంది. కూలి చీమ తిన్నదాన్ని పుట్టకు మోసుకెళ్లి నోటితో నోటికి అందిస్తుంది. పిల్లపురుగులకు, రాణికి అలా చేరుతుంది. మందు వెంటనే చంపేదైతే చీమ దారిలోనే పడిపోతుంది, రాణి క్షేమంగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. కాబట్టి నెమ్మదిగా పని చేసే మందే కావాలి. మెడికల్ షాపులో దొరికే బోరిక్ పౌడర్ అలాంటిది. పావు లీటరు గోరువెచ్చటి నీళ్లలో 25 గ్రాముల చక్కెర, రెండున్నర గ్రాముల బోరిక్ పౌడర్ కరిగిస్తే నూటికి ఒక పాలు మందు కలిసిన పానకం తయారవుతుంది. పౌడర్ ఎక్కువైతే చీమలు ముట్టవు, లేదా తొందరగా చస్తాయి. చేయి ఉదారంగా పోకుండా చూసుకోవడమే ఇందులో నేర్పు.

చక్కెర పానకం ఎంచుకోవడానికి మరో మంచి కారణం ఉంది. పిల్లికి తీపి తెలియదు. నాలుక మీద తీపిని పసిగట్టే జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో చెడిపోయి ఉందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు 2005లో కనుగొన్నారు. పులి, చీతాల్లోనూ అంతే. చీమ ప్రాణం పెట్టే రుచి పిల్లికి ఉత్త నీళ్లతో సమానం. అయినా పానకం బయట పెట్టకూడదు. మూతకు సూదితో చిన్న చిన్న రంధ్రాలు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన దూది ఉండ ఉంచి, మూత టేపుతో బిగించి, సింకు కిందో అల్మారా వెనకో పెట్టాలి. ఒక ఉండ 5 మిల్లీలీటర్లు పీల్చిందనుకుంటే అందులో బోరిక్ 50 మిల్లీగ్రాములు. ఎప్పుడైనా డబ్బా పగిలి పిల్లి దాన్ని నోట పెట్టుకున్నా ప్రాణాపాయం వచ్చేంత మోతాదు కాదు. నెయ్యితోనో చేప పొడితోనో ఎర కలిపితే మాత్రం కథ వేరు, చీమలకన్నా ముందు పిల్లే వస్తుంది.

మొదటి రోజు డబ్బా చుట్టూ చీమలు మునుపటికన్నా ఎక్కువ మూగుతాయి. అది చూసి బెదిరి స్ప్రే కొట్టేవాళ్లే ఎక్కువ. కొట్టొద్దు. పసుపు రంగులో కంటికి ఆనీ ఆనకుండా ఉండే ఫారో చీమల పుట్టకు స్ప్రే తగిలితే అది చావదు, ముక్కలై నాలుగు చోట్ల కొత్త పుట్టలు పెడుతుంది. వారం, రెండు వారాలు ఓపిక పట్టాలి. దూది ఆరితే మార్చాలి.

ఓపిక పట్టమంటే ఎవరు వింటారన్న అనుమానం అక్కరలేదు. జనగామ జిల్లా లింగాలఘణపురం మండలంలోని ఏనబావి చాలా ఏళ్ల కిందటే ఊరు ఊరంతా రసాయన మందులు మానేసింది. పత్తి చేలల్లో వేపగింజల కషాయంతో, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయంతో, ఎర పంటలతో పురుగును ఎదుర్కొన్న ఊరది. బతుకుదెరువే పంట మీద ఉన్నవాళ్లు పొలంలో చూపిన నిబ్బరం ముందు వంటింటి గట్టు మీద రెండు వారాలు ఏపాటి?

ఎంత చేసినా ఒక్కోసారి జరగరానిది జరగొచ్చు. పిల్లి నోటి వెంట చొంగ కారడం, చెవులు, చర్మం అదరడం, నడక తూలడం, వణుకు, ఫిట్స్ కనిపిస్తే చాక్‌పీసులో ఉండే పైరెథ్రాయిడ్ జాతి మందును అనుమానించాలి. చొంగతో పాటు విరేచనాలు, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, ఊపిరి అందకపోవడం ఉంటే పొలం మందు అయ్యుండొచ్చు. ఒంటికి పొడి అంటితే గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి కడిగి, తుడిచి, వెచ్చగా చుట్టాలి. అప్పటికే వణుకు, ఫిట్స్ మొదలైతే కడుగుతూ కూర్చోక ముందు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పాలు, నూనె, ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం చేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మందు ప్యాకెట్ వెంట తీసుకెళ్లడం అన్నిటికన్నా ముఖ్యం. పొలం మందుల్లో కొన్నిటికి అట్రోపిన్ విరుగుడు, చాక్‌పీసు మందుకు కాదు. ఏది తిన్నదో తెలియకపోతే డాక్టరు చీకట్లో చికిత్స చేయాల్సి వస్తుంది. పశువైద్య సేవలకు రాష్ట్రంలో 1962 నంబరు ఉంది. ఉమ్మడి వరంగల్ వాళ్లకు మామునూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది.

చీమలు ఎక్కువగా ఇళ్లలోకి దూరేది తొలకరి వానలకు పుట్టలు తడిసినప్పుడు. మృగశిర కార్తెలోపే శాబాదు బండల సందులను, గోడ నేల కలిసే చోటును, కిటికీ చౌకట్ల పగుళ్లను వైట్ సిమెంటుతో పూడిస్తే సగం పని అయిపోయినట్టే. సిమెంటు పూర్తిగా గట్టిపడేదాకా పిల్లిని ఆ గదిలోకి రానీయకుండా తలుపు వేసి ఉంచాలి, తడి సిమెంటు కూడా సున్నంలాగే పాదాలను కొరుకుతుంది.