మొంబాసా స్త్రీల చరిత్ర - సిరొంచ తెలుగు

ఆఫ్రికా చరిత్ర రాసిన ఒక అమెరికా ఆచార్యురాలి పుస్తకాలను తెలుగు శాఖ పత్రికలో సమీక్షించవలసిన పని ఏమిటని పాఠకులు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. ఆఫ్రికా మనకు బొత్తిగా కొత్తది కాదనీ, నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం వల్లనే హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వచ్చిందనీ చెప్పి తప్పుకోవచ్చు. కాని మా కారణం వేరు. ఈ పుస్తకాలను మేము చదివింది గ్రంథాలయంలో. వాటిలోని చిక్కు ఏమిటో అర్థమైంది మాత్రం మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో. అందుకే ఈ వ్యాసం రెండు చోట్ల కాలు పెట్టి నడుస్తుంది.

మార్గరెట్ స్ట్రోబెల్ షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చరిత్రకూ, స్త్రీల అధ్యయనానికీ ఆచార్యురాలుగా దీర్ఘకాలం పనిచేశారు. ఆమె పరిశోధన మొదలుపెట్టిన 1970ల తొలినాళ్లలో ఈ రెండూ కొత్త రంగాలే. రాతపత్రాలు లేని సమాజానికి చరిత్ర ఎలా రాయాలన్నది ఆఫ్రికా చరిత్రకారుల ముందున్న ప్రశ్న. పత్రాలున్న చోట కూడా వాటిలో స్త్రీలు ఎందుకు లేరన్నది స్త్రీల అధ్యయనం వేసిన ప్రశ్న. స్ట్రోబెల్ ఈ రెండింటినీ కలిపి కెన్యా తీరంలోని మొంబాసా రేవుపట్టణానికి తీసుకుపోయారు. స్వాహిలీ భాషలో స్త్రీలతో మాట్లాడి, ఆ మాటలను టేపుల మీద నిలుపుకొని, 1979లో 'ముస్లిం విమెన్ ఇన్ మొంబాసా' అనే గ్రంథం వెలువరించారు. ఆఫ్రికా అధ్యయనాలలో పేరున్న హెర్స్కోవిట్స్ బహుమతిని 1980లో ఆ గ్రంథం మరొక పుస్తకంతో కలిసి పంచుకొంది. 1890 నుంచి 1975 వరకు నడిచిన ఎనభై అయిదేళ్ల కథ అది.

ఆ గ్రంథంలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది లెలెమామా గురించిన భాగం. లెలెమామా స్త్రీల నాట్యం. అయితే ఆ నాట్యం ఆడే బృందాలు ఉత్త బృందాలు కావు, సంఘాలు. వాటిలో పదవులు, హోదాలు ఉండేవి. ఒక బృందానికి మరొక బృందంతో పోటీ ఉండేది. పాటలతో ఎదుటివారిని ఎత్తిపొడిచేవారు, ఘనంగా విందులు చేసి పైచేయి చూపించేవారు. బానిసత్వం చట్టరీత్యా 1907లో రద్దయిన ఊరు అది. యజమానుల ఇళ్ల స్త్రీలు, బానిసల సంతతి స్త్రీలు ఎదురుబొదురుగా బతికిన ఊరు. అటువంటి చోట ఎవరు ఏ బృందంలో చేరారు, ఎవరికి ఏ హోదా దక్కింది, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని స్ట్రోబెల్ అడుగుతారు. పాటల సాహిత్యం ఆమెకు రెండో విషయం. ఆ పాట పాడటానికి జట్టు కట్టినవాళ్ల సంగతి మొదటిది. కాలక్రమంలో ఈ బృందాల వెలుగు తగ్గి, చదువు, సంస్కరణ, పరువు అనే మాటలతో నడిచే ముస్లిం మహిళా సంఘాలు ముందుకు వచ్చినప్పుడు, నాయకత్వపు అలవాటు స్త్రీలకు అప్పటికే ఉందని ఆమె చూపగలిగారు. సంస్కర్తలు వచ్చి స్త్రీలను మేలుకొలిపారనే కథ మనకు కందుకూరి కాలం నుంచి అలవాటు. ఆ కథ మీద ఇక్కడ ఒక మంచి దెబ్బ పడింది.

మన జానపద పరిశోధనను దీని పక్కన పెట్టి చూడాలి. బిరుదురాజు రామరాజు గారు 1950లలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన కృషి లేకుంటే మనకు ఈ శాస్త్రమే లేదు. ఆ బాటలో నడిచినవారు బతుకమ్మ పాటలను వందలకొద్దీ సేకరించారు, ఛందస్సు చూశారు, పాఠాంతరాలు చూశారు. బతుకమ్మ ఆటలో పాట ఎత్తుకునే హక్కు ఎవరిది, ఏ వాడ ఆడవాళ్లు ఏ వలయంలో నిలబడతారు, ఎవరు దూరంగా నిలబడి చూస్తారు అన్న సంగతి మాత్రం ఆ సంకలనాలలో చాలావాటిలో దొరకదు. పాట మిగిలింది, పాడినామె పీఠికలో ఒక పేరుగానైనా మిగలలేదు. ఈ మాట మమ్మల్ని కూడా కలుపుకొనే అంటున్నాము.

స్ట్రోబెల్ తన మొదటి గ్రంథంతో తృప్తిపడలేదు. అందులో స్త్రీల మాటలు ఆధారాలుగా ముక్కలు ముక్కలుగా వచ్చాయి. సారా మీర్జాతో కలిసి ఆమె 1989లో 'త్రీ స్వాహిలీ విమెన్' ప్రకటించారు. ఇందులో ముగ్గురు స్త్రీలు తమ జీవితాలు తామే చెప్పుకుంటారు. బీ కాజె బానిసలు గల స్వతంత్ర కుటుంబంలో పుట్టినామె. మిషి వా అబ్దల బానిసల సంతతి. షంస మహమ్మద్ ముహషమీ తరువాతి తరం మనిషి, మహిళా సంఘాలతో సంబంధం ఉన్నామె. ఒకే ఊరు, మూడు అంతస్తులు. ఒకరి కథలో ఆప్యాయతగా కనిపించే ఇంటి బంధం పక్కవారి కథ చదివాక అంత మెత్తగా అనిపించదు. సంపాదకులు దీన్ని వ్యాఖ్యానంతో ఊదరగొట్టకుండా కథలను పక్కపక్కన ఉంచారు. పాఠకుడే పోల్చుకుంటాడు.

రెండేళ్లకు, 1991లో, అదే పుస్తకం స్వాహిలీలో 'వానవాకె వతాతు వా కిస్వాహిలి' అన్న పేరుతో వచ్చింది. దీన్ని అనువాదం అనడానికి మాకు నోరు రాదు. ఆ స్త్రీలు మొదట మాట్లాడింది ఆ భాషలోనే. ఇంగ్లీషు పుస్తకమే అనువాదం. అసలు ఆలస్యంగా అచ్చయింది. విద్యాలయంలో పదోన్నతికి ఆ స్వాహిలీ పుస్తకం ఎంత పనికి వస్తుందో ఊహించుకోవచ్చు. అయినా ఆ శ్రమకు పూనుకున్నారు. ఆమె రాసిన వాటన్నిటిలో ఈ ఒక్క పనికే మేము ఎక్కువ గౌరవం ఇస్తున్నాము.

తెలుగులో ఈ వరస తలకిందులుగా జరిగింది, అది మన అదృష్టం. స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను సేకరించి 'మనకు తెలియని మన చరిత్ర'ను 1986లో ముందుగా తెలుగులో తెచ్చారు. ఇంగ్లీషు ప్రతి 1989లో వచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, దూడల సాలమ్మ వంటి వారి మాటలు వారి మాటలుగానే తెలుగు పాఠకుడికి అందాయి. మాండలికాన్ని దిద్దకుండా అచ్చువేయడం ఆనాడు చిన్న సాహసం కాదు. మొంబాసా పుస్తకమూ, ఈ పుస్తకపు ఇంగ్లీషు ప్రతీ ఒకే ఏడాది వచ్చాయి. మన విశ్వవిద్యాలయాలలో ఈ రెంటినీ కలిపి ఒక పాఠంగా ఎందుకు చెప్పకూడదో మాకు తెలియదు.

సరే, సిరొంచ. గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న సిరొంచ, నుగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860లో ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి ఏర్పరచి సిరొంచను దానికి ముఖ్యపట్టణం చేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు వైపు పోయాయి. సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. నుగూరు, ఆల్బాక, చెర్ల కూడా 1907లో మద్రాసుకు వెళ్లాయి. సిరొంచ మాత్రం మధ్యపరగణాలలోనే ఉండిపోయి, 1956లో బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు, 1982లో కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాకు చేరింది. మొంబాసా కూడా ఇలాంటి ఊరే. పేరుకు జాంజిబారు సుల్తానుది, పాలన 1895 నుంచి బ్రిటిషువారిది, 1963లో కెన్యాది. దస్తావేజు మీద దొరలు మారుతుంటే, ఇంట్లో మాట్లాడుకునే భాష మారని ఊళ్లు ఇవి. సిరొంచ వీధిలో తెలుగు వినిపిస్తుంది, అడవి వైపు పోతే గోండీ, మాడియా వినిపిస్తాయి, కచేరీలో మరాఠీ నడుస్తుంది. నదికి ఈవలావల వియ్యాలు ఉన్నాయి. కాళేశ్వరం వైపు పుట్టి సిరొంచ వైపు మెట్టిన ఆడవాళ్లు ఒక్క నది దాటగానే రాష్ట్రం మారి, బడి మారి, కచేరీ భాష మారి బతికారు.

ఈ తెలుగును పండితులు పట్టించుకోలేదని అనలేము. గ్రియర్సన్ భాషా సర్వేలో 1906లో వచ్చిన నాలుగో సంపుటం సాలెవారీ, గోలరీ, కామాఠీ వంటి పేర్లతో తెలుగు భేదాలను నమోదు చేసింది. ఆ సర్వే పద్ధతి ఏమిటంటే, బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథను ప్రతి భాషలోకీ చెప్పించి రాసుకోవడం. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఆస్తి పంపకం. ఆ కథలో తల్లి లేదు. అక్కచెల్లెళ్లు లేరు. దేశంలోని భాషలన్నిటికీ కొలబద్దగా పెట్టిన కథలో ఇంటి ఆడదాని నోట ఒక్క మాట లేదన్నది భాషాశాస్త్రం చదువుకున్న మాకు ఇన్నేళ్లూ తట్టలేదు. స్ట్రోబెల్‌ను చదివాకే తట్టింది.

ఇక మా సొంత తప్పు. సిరొంచ దగ్గరి ఒక పల్లెలో ఒక వృద్ధురాలి మాటలు రాసుకొని వచ్చాము. ఆమె తన భూమి గురించి చెబుతూ సాత్‌బారా మీద తన పేరు లేదని అంది. మహారాష్ట్రలో గ్రామలెక్కల ఏడో నమూనా, పన్నెండో నమూనా కలిసిన కాగితాన్ని సాత్‌బారా అంటారు; ఒకటి హక్కుదారుల పేర్లు చెబుతుంది, రెండోది పంట చెబుతుంది. తెలుగు పాఠకుడికి అర్థం కావాలని మేము శుభ్రప్రతిలో 'పహాణీ' అని రాశాము. తలాఠీని పట్వారీ చేశాము, శాళను బడి చేశాము. వాక్యాలు హాయిగా సాగాయి. పోయిందేమిటో తరువాత తెలిసింది. పహాణీ అంటే అది ఆమె భాషలో ఉన్న కాగితం. సాత్‌బారా మరాఠీలో ఉంటుంది; అందులో తన పేరు లేదన్న సంగతి ఆమెకు మరొకరు చదివి చెప్పగా తెలిసింది. మేడిగడ్డ బ్యారేజీ 2019లో ప్రారంభమైంది. దాని నీళ్లు సిరొంచ వైపు పొలాల మీదికి వచ్చి, పరిహారం కోసం రైతులు ఆందోళనకు దిగిన చోట ఆ కాగితం మీద పేరు ఉండటం, లేకపోవడం చిన్న విషయం కాదు. ఆమె కథ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంటే, మేము దాన్ని కొట్టివేసి మంచి తెలుగు పెట్టాము. స్ట్రోబెల్ లెలెమామాను ఇంగ్లీషులో కూడా లెలెమామాగానే ఉంచారు.

ఆమె రచనలలో లోపాలు లేవని కాదు. మొదటి గ్రంథంలో సిద్ధాంత పరిభాష అక్కడక్కడ మనుషుల మీద బరువుగా పడింది. మూడు జీవితాల పుస్తకంలో కథనాలను ఎంచి, కూర్చి, వరస పెట్టింది సంపాదకులే. చెప్పినవారికి ఆ కూర్పు మీద ఎంత అధికారం ఉందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ తరువాత ఆమె సామ్రాజ్యంతో పాటు వలస దేశాలకు వచ్చిన తెల్ల స్త్రీల వైపు దృష్టి మళ్లించి 1991లో ఒక పుస్తకం రాశారు, 1992లో నూపుర్ చౌధురితో కలిసి ఒక సంకలనం తెచ్చారు. మొంబాసాను వదిలిపెట్టారని కొందరికి అనిపించవచ్చు. మాకు అలా అనిపించలేదు. టేపు రికార్డరు పట్టుకొని వచ్చిన తెల్లామె తన పూర్వికురాళ్లు ఎవరో వెతుక్కున్నట్లు ఉంది. నది దాటి సిరొంచకు పోయి అక్కడి తెలుగును సరిదిద్దే మాకు కూడా పూర్వికులు ఉన్నారు. వారిని వెతకడం ఇంకా మొదలు కాలేదు.

ప్రస్తుతం ఆ శుభ్రప్రతిని పక్కన పెట్టి, రికార్డు మళ్లీ విని రాస్తున్నాము. సాత్‌బారా, తలాఠీ, శాళ తిరిగి వచ్చాయి. ఆమె మధ్యలో ఆగిపోయిన చోట్లు కూడా గుర్తు పెడుతున్నాము. పూర్తయ్యాక ఒక ప్రతి ఆమెకు ఇవ్వాలి. ఆమెకు చదువు రాదు. మనవరాలు మరాఠీ బడిలో చదువుతోంది. అమ్మమ్మతో తెలుగులోనే మాట్లాడుతుంది గాని తెలుగు అక్షరాలు రావు. కాబట్టి అదే తెలుగును దేవనాగరి లిపిలో మరొకసారి రాయవలసి ఉంది. 'ళ' తో చిక్కు లేదు, మరాఠీకి ఆ అక్షరం ఉంది. హ్రస్వ ఎ, ఒ లకు గుర్తులు ఎలా పెట్టాలో తేల్చుకుంటున్నాము.