పొగాకుకథయుఁ బరిమళవిచారమును

కన్యాశుల్కనాటకమును జదివినవారిలో గిరీశము చెప్పిన పొగాకు కందమును మఱచినవా రుండరు. గరుత్మంతుఁడు అమృతమును గొనివచ్చుచుండఁగా నొక చుక్క యొలికి నేలఁ బడినదఁట. అది పొగచెట్టై పుట్టినదఁట. ఆ పొగను ద్రావనివాఁడు మఱుజన్మమున దున్నపోతగునఁట. ఈ పద్యమును సభలలోఁ జదివి నవ్వించుట తప్పు గాదు. కాని దానిని నాటకమునుండి యూడఁదీసి, పురాణవచన మని బాలురకుఁ జెప్పుట తప్పు. కావున నీ పద్యములోని కథ యెచ్చటిది, అందుఁ గీర్తింపఁబడిన యాకు ఎచ్చటిది, ఆ యాకునకుఁ గూర్చెడు పరిమళమును విలువకట్టుటకు మన శాస్త్రములు మన కిచ్చిన మాట లెవ్వి యను మూఁడు విషయముల నిందు విచారింతును.

మొదట సందర్భము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో మొదట అచ్చుపడినది. మిక్కిలి పెంచి వ్రాసిన రెండవ కూర్పు 1909లో వెలువడినది. నేఁడు మనము చదువునది యీ రెండవ కూర్పే. అందు శిష్యుఁడైన వెంకటేశము, గురువుగారి సహవాసమువలనఁ దనకుఁ జుట్ట కాల్చుట తప్ప మఱేమియు నబ్బలేదని వాపోవును. దానికి గిరీశము ముందుగా దొరల యాధిక్యమును, ఆవిరియంత్రమును జుట్ట లెక్కలో వ్రాసి, పిమ్మట శాస్త్రప్రమాణముగా నీ కందమును జదివి, బృహన్నారదీయమున నాలుగవ యాశ్వాస మని తావు గూడఁ జూపును. సంస్కృతపురాణముల కధ్యాయవిభాగమే కాని యాశ్వాసవిభాగము లేదు. ఆశ్వాసము తెలుఁగుకావ్యముల పద్ధతి. ఈ తావు వినఁగానే పండితుఁడు నవ్వును. వెంకటేశము నవ్వలేఁడు, వానికి గురువు మాటయే ప్రమాణము. ఈ ఘట్టమునందలి హాస్యమంతయు నీ భేదముమీఁద నిలిచియున్నది.

పద్యనిర్మాణమును జూడుఁడు. మీమాంసకులు విధివాక్యమునకుఁ దోడుగా నర్థవాదము నంగీకరింతురు. అది స్తుతిరూపము గాని నిందారూపము గాని యగును. ఈ కందమున మొదటి మూఁడు పాదములు స్తుతి. నాలుగవ పాదము నింద. పొగ త్రావవలె నను విధి యెచ్చటను జెప్పఁబడలేదు; స్తుతినిందలనుండి తానే తేలును. వ్రతకథల ఫలశ్రుతి యెట్లు నడచునో యిదియు నట్లే నడచుచున్నది. ఇంక ప్రాస. పద్యమునకుఁ బ్రాణమైన మాట ‘పొగ’. దానికిఁ బ్రాస గుదురవలెనన్న రెండవ యక్షరము గకారము గావలెను. గకారప్రాసగల దేవతానామమును వెదకిన వానికి ‘ఖగపతి’ దొరకెను. ఖగపతి దొరకఁగానే యమృతము దానంతట వచ్చెను. అనఁగా నిచ్చటఁ గథకుఁ దగిన ప్రాస గాక, ప్రాసకుఁ దగిన కథ పుట్టినది. పురాణములు పుట్టు విధ మిది గాదు. చాటువులు పుట్టు విధ మిది.

అయినను గథ కేవలము గాలిలోఁ బుట్టలేదు. ఆదిపర్వమున గరుడుఁడు అమృతమును దర్భలమీఁద నుంచుటయు, దానివలన దర్భలు పవిత్రములగుటయు మన మెఱిఁగినదే. అంతకంటెను దగ్గఱి పోలిక వైద్యగ్రంథమున నున్నది. పదునాఱవ శతాబ్దివాఁడైన భావమిశ్రుని భావప్రకాశమున వెల్లుల్లి పుట్టుక చెప్పఁబడినది: వైనతేయుఁడు ఇంద్రునియొద్దనుండి యమృతమును హరించినప్పు డొక బిందువు నేల రాలి లశున మయ్యెనని యందలి శ్లోకభావము. కరక్కాయయు నింద్రుఁ డమృతపానము చేయునప్పుడు జాఱిన బిందువునుండి పుట్టినదని యా గ్రంథమే చెప్పుచున్నది. ఓషధుల గుణములఁ జెప్పుటకు ముందు వాని పుట్టుక నిట్లు దివ్యముగా వర్ణించుట నిఘంటుకారుల మర్యాద. మన కంద మా మర్యాదకు వికటానుకరణము. లశునమును దీసి పొగాకును నాటినారు. తక్కిన కథ యంతయు నదే. ఘాటువాసనలో రెండును జుట్టములే గనుక, ఈ మార్పు తెలిసినవాని మార్పే యని నా యభిప్రాయము.

ఇఁక నాకు చరిత్రము. పొగాకు అమెరికాఖండముల మొక్క. 1492లోఁ గొలంబసు వెంట నడచిన నావికులు దానిని మొదట చూచిరి. దాని శాస్త్రనామమైన నికోటియానా యనునది, 1560 ప్రాంతమున దానిని ఫ్రెంచి రాజాస్థానమునకుఁ బరిచయముచేసిన జాఁ నికో పేరునుండి పుట్టినది. పోర్చుగీసు నావలు దానిని మన పడమటితీరమునకుఁ దెచ్చినవి. దక్కనున కది ముందుగా వచ్చి, యుత్తరాదికిఁ దరువాతఁ బోయినది. అక్బరు కొలువువాఁడైన అసద్ బేగు బిజాపురమున పొగాకును జూచి, రత్నఖచితమైన గొట్టముతోఁ గూడ 1604–05 ప్రాంతమున పాదుషాకు సమర్పించెను. తమ గ్రంథములలో దీని ప్రసక్తి లేదని వైద్యుఁడు వారించెను. ప్రతి యాచారమును మొదటఁ గ్రొత్తదే గదా యని అసద్ బేగు వాదించెను. 1617లో జహంగీరు పొగ త్రావుటను నిషేధించెను. వైద్యునిది గ్రంథప్రమాణవాదము, అసద్ బేగుది యనుభవవాదము. గిరీశముది యీ రెండును గాదు: క్రొత్తదానికిఁ బ్రాఁతగ్రంథమును గల్పించు వాదము. మూఁటిలో నిదియే మిక్కిలి సులభము, మిక్కిలి యపాయకరము.

పేరును గూర్చి యొక మాట. ఉత్తరాదిభాషలు పారసీకపు తంబాకు శబ్దమును దీసికొని తమాకు మొదలగు రూపములు చేసికొన్నవి. దక్షిణాదిభాషలు పరాయిమాటను విడిచి, వాడుకను బట్టి తామే పేరు పెట్టినవి: తమిళ మలయాళములు పొగయాకు అను నర్థముననే, కన్నడము పొగసొప్పు అను నర్థముననే, మనము పొగాకు అని. ఇంత యచ్చమైన దేశిపదము గనుకనే యాకు గూడ దేశీయ మని భ్రమ గలుగును. పదము యొక్క దేశీయత వస్తువు యొక్క దేశీయతకు సాక్ష్యము గాదు.

ఐనచో మన పూర్వులు పొగ త్రావలేదా? త్రావిరి, కాని యది పొగాకు పొగ గాదు. చరకసంహిత సూత్రస్థానమున ధూమపానవిధి యున్నది. సుగంధద్రవ్యములను నూఱి, రెల్లుపుల్లకుఁ బట్టించి యార్చి, పుల్లను దీసివైచి, నేతఁ దడిపి, వెలిఁగించి, గొట్టముద్వారా పీల్చు వర్తి యది. కాలము తప్పినను, మితి మీఱినను చెవుడు, గ్రుడ్డితనము, రక్తపిత్తము, తలతిరుగుట గలుగునని యచ్చటనే హెచ్చరికయు నున్నది. ఏడవ శతాబ్దివాఁడైన బాణుఁడు కాదంబరిలో శూద్రకమహారాజు భోజనానంతరము ధూమవర్తిని సేవించినట్లు వర్ణించెను. పొగను రుచిచూచి పరిమళము నెన్నుట మనకుఁ గ్రొత్త గాదు; ఆ పొగలోనికిఁ బొగాకు వచ్చుటయే క్రొత్త. ధూమపానము, పొగాకు అను రెండు మాటలను వేఱు చేయనిచోఁ జరిత్ర యంతయుఁ దాఱుమాఱగును.

పరిమళమును విలువకట్టుటలో మన శాస్త్రముల స్థితి విచిత్రమైనది. తర్కసంగ్రహమున రసము లాఱు చెప్పి, గంధమునకు సురభి, అసురభి యను రెండే భేదములు చెప్పినారు. నాలుకకు మాట లాఱు, ముక్కునకు రెండే. కాని గంధములఁ గూర్చువారి విద్య యింత పేదది గాదు. ఆఱవ శతాబ్దివాఁడైన వరాహమిహిరుఁడు బృహత్సంహితలోని గంధయుక్త్యధ్యాయమున, పదునాఱు ద్రవ్యములలో నాలుగేసి చొప్పునఁ గూర్చినచో 1820 మేళనము లగునని గణించెను. తార్కికుఁడు రెండుగాఁ జూచినదానిని గంధకారుఁడు వేలుగాఁ జూచెను. విమర్శకుఁడు శిష్యత్వము చేయవలసినది యిచ్చట గంధకారునియొద్దనే.

దక్కనులో నీ గంధయుక్తి పొగాకుమీఁదఁ బ్రయోగింపఁబడిన తావు హుక్కా. ఆకును దంచి బెల్లపుపాకముతోఁ గలిపిన గుడాకును, పండ్లతో సుగంధద్రవ్యములతోఁ బులియఁబెట్టిన ఖమీరాయును జిలుములో నుంచి, పైన నిప్పు పెట్టుదురు. బెల్లపుపాకముతోఁ దడిసిన ముద్ద యెండుటాకువలె మండిపోక మెల్లఁగఁ గాఁగుచుఁ బొగ నిచ్చును. ఆ పొగ నీటిగుండ వచ్చి చల్లనగును. నీరు పోయు బుడ్డి యొక శిల్పవిషయము. 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదైన బీదరునందు తుత్తునాగముతోఁ గొంచెము రాగి కలిపి పోఁతపోసి, వెండి పొదిగి, బీదరుకోట మట్టితో నల్లఁబఱచిన బిద్రీహుక్కాలు పేరెక్కినవి. 1951లోఁ దెఱవఁబడిన సాలార్జంగు ప్రదర్శనశాలలో నట్టివానిని జూడనగును.

పడమటిదేశముల గొట్టపుపొగాకు మిశ్రమములును నీ జాతివే. అందు వర్జీనియా వేఁడిగొట్టముల యింటిలోఁ బదునుచేసిన యాకు. చక్కెర మిక్కిలి గలది. సహజమైన తీపు దానిది. బర్లీ నీడగాలి కార్చిన యాకు, చక్కెర లేనిది, పెట్టిన వాసనను బీల్చుకొనునది. లటాకియా, సిరియా సైప్రసు ప్రాంతములఁ గట్టెపొగఁ బట్టించినది. కావున మసివాసన గలది. కావెండిషు అనునది యాకుజాతి గాదు. ఆవిరిపట్టి యొత్తిపెట్టు పద్ధతి. పరిమళము రెండు దశలఁ జేర్పఁబడును: తఱుగుటకు ముందు ఆకును దడుపు తీపిద్రావకము మొదటిది, కడపట పైని జల్లు వెనిల్లా, చెఱ్ఱీ మొదలగు వాసన రెండవది. ఇందలి వర్జీనియా మనకుఁ బరాయిది గాదు. 1920 దశకమున గుంటూరు సీమలో దానిసాగు వేరూనినది. 1947లో రాజమహేంద్రవరమునఁ బొగాకు పరిశోధనాలయము, 1976లో గుంటూరు కేంద్రముగాఁ బొగాకుబోర్డు ఏర్పడినవి. హైదరాబాదున 1930లో వజీరు సుల్తాను కంపెనీ యేర్పడి, చార్మినారు పేరునే సిగరెట్టుపెట్టె కెక్కించినది.

ఈ మిశ్రమముల నెన్నుటకు మన యాలంకారికుల పరిభాష చక్కఁగాఁ జాలును. గుణము రసము నాశ్రయించి యుండునది. అలంకారము హారమువలెఁ బైఁ బెట్టినది యని మమ్మటుని విభాగము. వర్జీనియా తీపు గుణము; వెనిల్లా జల్లు అలంకారము. ఆకు మంచిదైనచో నలంకారము దానిని వెలయించును. ఆకు నీరసమైనచో దానిని గప్పిపుచ్చును. నేర్పరియైన గొట్టపుపొగరి యీ భేదమును మొదటి పీల్పుననే యెఱుఁగునని ప్రతీతి. ఇంతవఱకు రసికత సమ్మతమే. కాని యభినవగుప్తాచార్యులు లోచనమున మఱియొక మాట చెప్పినారు: కుండలాదులు పెట్టినను శవశరీరము శోభింపదు, అలంకరింపఁదగిన యాత్మ యందు లేదు గనుక. పొగాకున కీ మాట యక్షరాల నన్వయించును. వెనిల్లా వాసనవలన నికోటిను తగ్గదు. గులాబివాసనవలన మసి తగ్గదు. హుక్కానీరు పొగను జల్లార్చును గాని విషమును వడకట్టదు. పరిమళము తగ్గించున దొక్కటే: క్రొత్తవానికి మొదటి పీల్పునఁ గలుగు వెగటు. ప్రకృతి పెట్టిన కాపలా యా వెగటు; దానిని బరిమళము నిద్రపుచ్చును.

2024 ఫిబ్రవరిలోఁ దెలంగాణ శాసనసభ హుక్కాశాలలను నిషేధించు సవరణబిల్లు నామోదించుటకు నిదియే మూలము. పండ్లవాసనల హుక్కా పిన్నవయసువారిని లాగుచున్న దనుట వారి యభియోగము. అంతకుముందే, 2003 నాఁటి కేంద్రశాసనము బహిరంగస్థలములఁ బొగ త్రావుటను నిషేధించి, ముప్పది గదుల వసతిగృహములకు, ముప్పదిమంది కూర్చుండు భోజనశాలలకు, విమానాశ్రయములకు మాత్రము ప్రత్యేకమైన తావు నేర్పఱచు వెసులుబాటు నిచ్చెను. 2008 మార్చిలో శంషాబాదునఁ బ్రారంభమైన విమానాశ్రయ మీ శాసనమునకు లోఁబడియే వెలసినది. 2016 నాఁటి సామానునియమములు విదేశములనుండి దిగు యాత్రికుని సుంకము లేక తేనిచ్చిన పొగాకు 125 గ్రాములు. ఖగపతి తెచ్చిన యమృతబిందువునకు నా నియమముల కొలఁత యిది! ఆకు నాఁడు నావలోఁ వచ్చెను. పరిమళించు మిశ్రమము నేఁడు శంషాబాదున లోహఖగముపై దిగవచ్చును. ఆకసమునుండి పడిన దన్న మాట యిప్పటి కొకవిధముగా నిజమైనది. కాని సుంకాధికారి దాని నమృతముగా నెన్నఁడు.

కాఁబట్టి తేలిన సారాంశ మిది. గిరీశము చదివిన కందము పురాణము గాదు, వైద్యనిఘంటువుల యోషధికథకు వికటానుకరణము. ఆ హాస్యమునకు లక్ష్యము పొగ త్రావనివాఁడు గాఁడు. దొంగప్రమాణమును జూపు గురువు. పాఠశాలలో నీ పద్యమును జెప్పు పండితులు దానిని విడువ నక్కఱలేదు. గణములు కట్టింపుఁడు, ప్రాసను జూపుఁడు, లశునకథతోఁ బోల్పుఁడు. కాని చదివినవాఁ డెవఁడు, విన్నవాఁ డెవఁడు అని తప్పక యడుగుఁడు. ఆ ప్రశ్న యడిగిన బాలునికిఁ బద్యములోని నవ్వును దెలియును, పొగలోని పరిమళమును దెలియును, ఆ పరిమళము వెనుక నున్నదియుఁ దెలియును. అడుగని బాలునికి మిగులునది వెంకటేశమునకు మిగిలినదే.