అక్కినేని నటనలో తొలిమెట్లు

అక్కినేని నాగేశ్వరరావుగారి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల బెజవాడ రైలుస్టేషను కథయే ముందు వచ్చును. నాటకములాడు ఒక సన్నని యువకుని ఘంటసాల బలరామయ్యగారు అచ్చట చూచి, ముచ్చటపడి, తమ 'శ్రీ సీతారామ జననము' (1944) చిత్రమున శ్రీరాముని పాత్ర నిచ్చిరి. కథ సత్యమే కాని, దానిని చెప్పుకొను తీరు నాకు సరిపడదు. అదృష్టదేవత ప్లాటుఫారము మీద వేచియున్నట్లును, ఆయన చేసినదెల్ల ఆ వేళకు అచ్చట నుండుటయే యైనట్లును చెప్పుదురు. ఇందువలన ఆయన నటనకు అసలైన మూలము మరుగున పడిపోవుచున్నది.

ఆయన 1924 సెప్టెంబరు 20వ తేదీన కృష్ణాజిల్లాలో ఒక సామాన్య వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. బడిచదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసెను. పదేండ్ల ప్రాయముననే రంగమెక్కిరి, అదియును స్త్రీవేషములతో. స్త్రీలు నాటకములాడుట అరుదైన ఆ దినములలో మీసము రాని బాలురే ఆ పాత్రలను ధరించెడివారు. 'హరిశ్చంద్ర', 'కనకతార', 'విప్రనారాయణ' మున్నగు నాటకములలో ఆయన స్త్రీపాత్రలు పేరుగాంచినవి.

స్త్రీవేషము ధరించిన బాలుడు నేర్చునదేమి? చేయి ఎంతవరకు చాపవలయునో, తల ఎంత వంచవలయునో నేర్చును. తన సహజమైన నడకను అణచుకొనుట నేర్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రక్కనున్న రాజవేషధారి గొంతెత్తి రాగము సాగదీసి 'వన్సుమోర్'లు అందుకొనుచుండగా, తాను మాటాడక, వినుచున్న ముఖముతోనే సభను తనవైపు త్రిప్పుకొనవలయును. సినిమా కెమెరా కోరునది సరిగా ఈ విద్యయే. రైలుస్టేషనుకు వచ్చునాటికే ఆయన కది అలవడియుండెను.

పిమ్మట నడచిన దారియు సుగమము కాదు. 1941లో పి. పుల్లయ్యగారి 'ధర్మపత్ని'లో చిన్న వేషము, 1944లో శ్రీరాముడు, 'మాయాలోకము', 'ముగ్గురు మరాటీలు', 'పల్నాటి యుద్ధము' దాటి 1948లో 'బాలరాజు'తో గాని పేరు స్థిరపడలేదు. కచేరీలో లెక్కలు వ్రాయుచు వయస్సు గడపిన నావంటివాడు దీనిని ఏడేండ్ల ప్రొబేషను అనును.

ఇక నా అభిప్రాయము కొందరు అభిమానులకు రుచింపకపోవచ్చును. 'కీలుగుఱ్ఱము' (1949) వంటి జానపద చిత్రములలో ఆయన చేతిలోని కత్తి ఆయనది కాదు. రూపమున్నది, చురుకున్నది; వీరుని ధాటి లేదు. రెండేండ్లకు 'పాతాళభైరవి'లో నందమూరి తారక రామారావుగారు తోటరాముడై నిలిచినంతనే ఆ తేడా ఎల్లవారికి తెలిసిపోయెను. కాని అదే 1949లో వచ్చిన 'లైలా మజ్ను'లో, భానుమతిగారి సరసన, కత్తితో పని తక్కువైనచోట ఆయన బలము కనబడినది. విరహమును ఆయన కేకలతో గాక కన్నులతో చెప్పిరి.

'దేవదాసు' (1953)కు బీజము అచ్చటనే పడినది. జానపద కథానాయకుడు శరత్‌బాబు దేవదాసు కాగలడా యని సందేహించినవారు లేకపోలేదు. డి. ఎల్. నారాయణగారు నిర్మింపగా, వేదాంతం రాఘవయ్యగారు దర్శకత్వము వహించిన ఈ చిత్రము మన చెన్నపట్టణముననే తెలుగు, తమిళ భాషలు రెంటను రూపొందెను. నేను పుట్టుటకు ముందే వచ్చిన దీనిని తరువాత రెండు భాషలలోను పలుమారులు చూచితిని. పాటలను గూర్చి అందరును చెప్పుదురు. నేను చూచునది పార్వతి మాటాడుచుండగా దేవదాసు ముఖమును. సావిత్రిగారు అడుగుచుందురు, ఆయన వినుచుందురు. బదులు చెప్పవలయునని పెదవి కదలును, ధైర్యము చాలదు, చూపు నేలకు వాలును. ఆ పిరికితనమును దాచక చూపుటకు ఒక కథానాయకునికి ఎంత తెగువ కావలయును! త్రాగినవానివలె తూలుట ఎవరికైనను చేతనగును. ఈ వినుట మాత్రము మీసము రాకముందు రంగముమీద నేర్చిన విద్య. మన వీధిలోని తమిళ సోదరులలోని పెద్దలు నేటికిని ఆయనను దేవదాసుగానే తలతురు.

అంతటి విషాదము ఫలించిన పిదప మరియొకడైనచో పది సంవత్సరములు త్రాగుచు, దగ్గుచునే యుండును. ఆయన 1955లో 'మిస్సమ్మ'లో, రామారావుగారు నాయకుడుగా నుండగా, నవ్వు పుట్టించు డిటెక్టివు రాజు వేషమును ధరించిరి. తమ స్థాయి తగ్గునని సంకోచింపలేదు. ఈ రెండు చిత్రములను ఒకే వారమున చూడదలచిన పాఠకులు 'మిస్సమ్మ'నే ముందు చూతురుగాక. 'దేవదాసు' చూచిన మరునాడు నవ్వుట కష్టము.