ముఖం మీది వెలుగు

దుర్గా పూజ దగ్గర పడుతుంటే కోల్‌కతా సాల్ట్ లేక్‌లో నాలాంటి ఫొటోగ్రాఫర్లకు ఊపిరాడదు. చీరల దుకాణాలవాళ్లు, ఇంట్లోనే బుటీక్ నడిపే ఆడవాళ్లు, కొత్తగా బ్రాండ్ పెట్టుకున్న నిఫ్ట్ ఫ్యాషన్ కాలేజీ పిల్లలు, అందరికీ కేటలాగ్ ఫొటోలు ఒకేసారి కావాలి. మోడల్ విషయంలో మాత్రం చాలామంది మాట ఒక్కటే: అమ్మాయి తెల్లగా ఉండాలి.

ఈ సీజన్‌లో ఒక దుకాణం యజమాని, ఛామనచాయ అమ్మాయితో నేను తీసిన ఫొటోలు చూసి, "బాగున్నాయి దీదీ, ఎడిటింగ్‌లో ఓ రెండు షేడ్లు లేత చేయండి" అన్నారు. అలా చేస్తే ఏమవుతుందో ఆయన ఎదుటే మానిటర్ మీద చేసి చూపించాను. ముఖం తెల్లబడింది. ఆ తెలుపు మెడ దగ్గర ఆగిపోయింది. చెవులు బూడిద రంగుకి తిరిగాయి. వంకాయరంగు బాలూచరి పట్టు కూడా వెలిసిపోయింది. అప్పుడాయన వద్దన్నారు, చీర కోసం. అమ్మాయి కోసం వద్దని ఉంటే నాకు ఎక్కువ సంతోషంగా ఉండేది.

ఫ్యాషన్‌లో అన్ని రంగులవాళ్లకూ చోటుండాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ర్యాంప్ మీద ఎవరు నడిచారో లెక్కపెడుతున్నారు. లెక్కపెట్టాల్సిందే. కానీ నల్లని అమ్మాయిని తీసుకొచ్చి, తెల్లని అమ్మాయికి పెట్టిన లైటులోనే నిలబెడితే ఆమెకి చోటిచ్చినట్టు కాదు. కెమెరాలోని మీటరు ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్కకడుతుంది. నల్లని ముఖం మీద కొలిస్తే అనవసరంగా తెల్లబరుస్తుంది. అదే ముఖాన్ని తెల్లగోడ ముందు పెట్టి మొత్తం ఫ్రేమ్‌ని కొలిస్తే చీకట్లో ముంచేస్తుంది. రెండింటికీ విరుగుడు ఫొటోగ్రాఫర్ చేతిలో ఉంది. నల్లని చర్మం వెలుగుని అద్దంలా పట్టుకుంటుంది. చిన్న లైటు సూటిగా కొడితే నుదుటి మీద ఒక్కచోట మండిపోతుంది. అదే లైటుని పెద్ద థర్మోకోల్ షీటు మీద కొట్టించి పక్కనుంచి ఇస్తే చెంప ఎముక, ముక్కు వాలు, పెదవి అంచు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఇదే ఊళ్లో ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా, సత్యజిత్ రాయ్ సినిమా 'అపరాజితో' (1956) కోసం వేసిన కాశీ ఇంటి సెట్ మీద గుడ్డ పరిచి, లైట్లను దాని మీదికి కొట్టించి, నీడల్లేని పగటి వెలుగు తెచ్చారు. ఆ పద్ధతి నుంచి నేర్చుకున్నవాళ్లు ఎందరో.

ఫిల్ము రోజుల్లో పరిస్థితి ఇంకా అన్యాయం. రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ కంపెనీ ల్యాబులకు ఒక తెల్లజాతి యువతి ఫొటో పంపేది. దానిపేరు షర్లీ కార్డ్. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టే. ముదురు గోధుమరంగు సరిగా రావడం లేదని గట్టిగా అడిగింది చాక్లెట్లు, చెక్క సామాన్లు అమ్మే కంపెనీలట. నల్లజాతి తల్లులు తమ పిల్లల బడి ఫొటోలు చూసి పడిన బాధ కంటే కంపెనీకి చాక్లెట్ ముందు కనబడింది. వేర్వేరు జాతుల ఆడవాళ్లతో కార్డు వచ్చేసరికి 1990లు వచ్చేశాయి. మేకప్ ఇంకా వెనకబడింది. గాయని రిహానా కంపెనీ 2017లో 40 షేడ్ల ఫౌండేషన్ తెచ్చాక గానీ మిగతా కంపెనీల్లో చాలావరకు కదల్లేదు.

మన సంగతి చూద్దాం. సాల్ట్ లేక్ సెక్టార్ 3లోని నిఫ్ట్‌లో 1999లో చదువు ముగించిన డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ, ఇరవై ఏళ్ల తర్వాత తన ప్రచార ఫొటోల్లో తటవర్తి వర్షిత అనే అమ్మాయిని నిలబెట్టారు. రంగు, ఒళ్లు చూసి సినిమావాళ్లు ఏళ్ల తరబడి తనను తిప్పి పంపారని ఆ అమ్మాయే చెప్పుకుంది. ఇంటిపేరు వింటే తెలుగువాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది మనమ్మాయేనని. విజయవాడ మూలాలున్న దావులూరి నీనా 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిస్తే అక్కడ కొందరు తీవ్రవాది అని తిట్టారు. ఇక్కడ కొందరు ఆ రంగుతో మిస్ ఇండియా అయ్యేదా అని అడిగారు. రెండో ప్రశ్నే నన్ను ఎక్కువ గుచ్చింది. ఆమె ఊరుకోలేదు, తెల్లబరిచే క్రీముల అమ్మకం ఆపాలని 2020లో ఉద్యమం నడిపింది. ఆ ఏడాదే, 1975 నుంచి అమ్ముడుపోతున్న ఫెయిర్ అండ్ లవ్లీ పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. మగవాళ్ల క్రీము ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ 2005లో పుట్టింది మా కోల్‌కతాలోని ఒక కంపెనీలోనే.

రంగుతో పాటు ముఖం తీరు సంగతీ ఉంది. మణిపూర్, నాగాలాండ్ అమ్మాయిలు మోడళ్లుగా వస్తే మేకప్ చేసేవాళ్లు కొందరు ముందు చేసే పని, కనురెప్ప మీద లేని మడతను గీయడం. కళ్లు పెద్దవిగా కనబడాలట. ఆ రెప్పకి కాటుక సన్నగా, కొసకి లాగి పెడితే ఎంత బాగుంటుందో ఒక్కసారి చూస్తే ఇక మడత గీయరు. ఇది చిన్న విషయమని నేననుకోను. 2014లో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి నీడో తానియా, రూపాన్ని ఎగతాళి చేయడంతో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. ఏ ముఖాన్ని రోజూ పోస్టర్ల మీద చూడమో ఆ ముఖం జనానికి పరాయిది అవుతుంది.

మళ్లీ రంగు దగ్గరికే వస్తే, నలుపు నారాయణుడు మెచ్చు అని మనవాళ్లే అన్నారు. అయినా విజయనగరం నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక అమ్మాయి నా స్టూడియోలో కూర్చుని, "అక్కా, పెళ్లివాళ్లకి పంపాలి, కొంచెం తెల్లగా చెయ్యవా? అమ్మ మరీ మరీ చెప్పింది" అంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముదురాకుపచ్చ ఓణీ కప్పి, రెండోవైపు థర్మోకోల్ షీటు పెట్టి తీశాను. ఎడిటింగ్ ఏమీ చేయలేదు. ఆమె ఫొటో చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇదే పంపుతాను అక్కా" అంది.

ఈ పూజకో, వచ్చే సంక్రాంతికో మీరు స్టూడియోకి వెళ్తారు, పిల్లల్ని తీసుకెళ్తారు. ఫొటో తీసేముందే చెప్పండి: లైటు సరిగా పెట్టండి, రంగు మార్చొద్దు అని. డబ్బిచ్చేది మీరు. మీరు అడిగితే మేము నేర్చుకుంటాం.