నల్లగొండ ఫ్లోరోసిస్ పరిశోధనలో పశువుల లెక్క

నల్లగొండ పేరు ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కినది ఫ్లోరోసిస్ వ్యాధి వలననే. ఈ జిల్లా రోగులను పరీక్షించి డాక్టర్ సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన వ్యాసాన్ని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు. అయితే మన పాఠాలలో అంతగా వినిపించని సంగతి ఒకటి ఉన్నది. హైదరాబాదు సంస్థానంలో పశువ్యాధి పరిశోధనాధికారిగా ఉండిన మహాజన్ పశువులలో ఈ వ్యాధిని 1934లోనే నివేదించినాడు. షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా మనుష్యులలోని ఎముకల వ్యాధికి ఫ్లోరైడు కారణమని వెల్లడించినది 1937లో. మూడేండ్లు ముందుగా సాక్ష్యమిచ్చిన పశువును తరువాతి పరిశోధన దాదాపు మరచిపోయినది. నా ఆక్షేపణ ఇదే.

వ్యాధికి మూలం మన కాళ్ళ క్రిందనే ఉన్నది. నల్లగొండ, మహబూబునగరం మెట్ట నేలల అడుగున గ్రానైటు, నైస్ శిలలు ఉన్నవి. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు వంటి ఖనిజాలనుండి ఫ్లోరైడు భూజలంలోనికి దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్నచోట అది మరింతగా కరుగుతుంది.

త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామును మించి ఫ్లోరైడు ఉండరాదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చుననీ భారతీయ ప్రమాణం. లెక్క కొరకు లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరునీటిని తీసుకొందాము. 50 కిలోల మనిషి రోజుకు 4 లీటర్లు త్రాగితే 16 మిల్లీగ్రాములు, అనగా దేహపు బరువులో కిలోకు 0.32 మిల్లీగ్రాము లోపలికి పోతుంది. 400 కిలోల పాడిబర్రె వేసవిలో 60 లీటర్లు త్రాగితే 240 మిల్లీగ్రాములు, కిలోకు 0.6. ఇంచుమించు రెట్టింపు! మేతతోపాటు మ్రింగే మట్టి సంగతి వేరు. విద్యార్థులచేత నల్లబల్లపై చేయించదగిన లెక్క ఇది. నీటి నమూనాలో అంకె ఒక్కటే అయినా, త్రాగే ప్రాణిని బట్టి దాని అర్థం మారుతుంది.

దేహంలో నిలిచిన ఫ్లోరైడులో నూటికి 99 పాళ్ళు ఎముకలలో, పళ్ళలో చేరుతుంది. పళ్ళ కథ మరీ ఆసక్తికరమైనది. పశువు వయస్సును మన రైతు నోరు తెరిచి చెబుతాడు. రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని లెక్క (తెలంగాణలో పళ్ళను పండ్లనే అంటారు). క్రింది దవడలో పాలపళ్ళు ఊడి, రెండేండ్ల ప్రాంతంలో మొదటి జత, నాలుగేండ్లు దాటేసరికి నాల్గవ జత గట్టిపళ్ళు వస్తవి. ప్రతి జతపైని పింగాణి పొరా బయటికి రాకముందే, దవడలో ఉండగానే తయారవుతుంది. ఆ సమయంలో ఫ్లోరైడు అధికమైతే పింగాణిని నిర్మించే కణాలు దెబ్బతిని, పంటిపై సుద్దవంటి మచ్చలు, గోధుమరంగు చారలు, గుంటలు ఏర్పడతవి. ఒకసారి బాగా తయారై బయటికి వచ్చిన పంటికి ఆ తరువాత ఎంత ఫ్లోరైడు త్రాగినా ఈ మచ్చలు రావు.

కనుక పన్ను దూడనాటి చరిత్రను చెబుతుందే గాని నేటి స్థితిని చెప్పదు. నల్లమలలోని అమ్రాబాదు ప్రాంతపు ‘పొడ తూర్పు’ పశువులకు 2020లో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చినది. ఆ ఎడ్లను దూరపు రైతులు కొనుక్కొని పోవడం కద్దు. ఫ్లోరైడు తక్కువైన నీరు త్రాగి పెరిగిన ఒక ఎద్దు ఎనిమిది పళ్ళూ వేసిన తరువాత మర్రిగూడ వైపు ఒక ఊరికి చేరినదనుకొందాము. కొన్నేండ్లకు దాని కాలి ఎముకలపై బొడిపెలు లేచి, కీళ్ళు బిగిసి కుంటవచ్చును. పళ్ళు మాత్రం తెల్లగానే ఉంటవి. పళ్ళను మాత్రమే చూచి లెక్కవ్రాసే వారు దానిని ఆరోగ్యవంతమైన పశువుగా జమ కడతారు. అమెరికాలోని యూటాలో షూప్ పంటి మచ్చలకు 0 నుండి 5 వరకు అంతస్తులు ఏర్పరచినాడు. కాని ఆ అంకెను ఎముకలోని, మూత్రంలోని ఫ్లోరైడుతో కలిపి చదవవలెను. మూత్రం ఇటీవలి సంగతిని, ఎముక జీవితకాలపు నిల్వను తెలుపుతవి. పశువు ఎక్కడ పుట్టినదో, ఎప్పుడు ఈ ఊరికి వచ్చినదో వ్రాయని సర్వేకు విలువ సగమే.

మన దేశంలో పశువుల ఫ్లోరోసిస్‌పై పట్టుదలగా సాగిన పని రాజస్థాన్‌లో చౌబీసాది. నల్లగొండ పేరు పెట్టుకొన్న ‘నల్లగొండ పద్ధతి’ నాగపూరులోని నీరి సంస్థ రూపొందించినది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి నీటిలో కలిపి, తేర్చి వాడే చౌక ఉపాయమది. మెచ్చుకోదగినదే. అయితే ఇంటివాడకానికి చెప్పిన 40 లీటర్ల పాత్ర మన బర్రెకు ఒక పూట దాహం మాత్రమే! ఆ నీటిని కొట్టంలోని తొట్టికి ఎవరు మోస్తారు?

మనిషి, పశువు వేరువేరు అన్న తలపు శాస్త్రానికే నష్టం. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతపు యువకులలో మోకాళ్ళు లోపలికి వంగడాన్ని వర్ణించినారు. తరువాతి పరిశీలన జొన్న ఆహారం, మాలిబ్డినం, రాగి లోపం వైపు సాగినది. మాలిబ్డినం పెరిగితే రాగి తరుగుతుందన్నది పశువైద్యులకు ఎరుకైన విషయం. ఇంగ్లండులోని సోమర్సెట్ పచ్చికలలో ఆవుల విరేచనాలకు మాలిబ్డినం కారణమని 1938లోనే తేలినది. మన ఊళ్ళలో గింజ మనిషికి, చొప్ప పశువుకు. ఒకే మొక్కను తినే ఇద్దరిలో ఒకరి ఎముకనే పరీక్షించడం ఏమి న్యాయం?

ఈ ఉపేక్షకు ఒక కారణం ఊహించగలను. పశువు ఎంత ఫ్లోరైడు త్రాగినా పాలలోనికి దిగేది బహు స్వల్పం. పాలు కొనే పట్టణవాసికి భయం లేదు. అరిగి సలిపే పళ్ళతో మేత నమలలేక, చల్లని నీటిని నాలుకతో నాకుతూ త్రాగే బర్రె పాలు తగ్గిస్తే నష్టపోయేది దానిని మేపే ఇల్లు. కొనేవానికి హాని లేని వ్యాధిపై పరిశోధనకు తొందర ఉండదు.

ప్రభుత్వపు నీటి లెక్కల తీరూ ఇదే. కేంద్ర గ్రామీణ నీటి పథకం పూర్వపు నియమాలలో మనిషికి రోజుకు 40 లీటర్లు. ఎడారి అభివృద్ధి ప్రాంతాలలో మాత్రం పశువుల కొరకు తలకు మరో 30 లీటర్లు. నల్లగొండ, మహబూబునగరం కరవు ప్రాంతాలే గాని ఎడారి జాబితాలోనివి కావు. మిషన్ భగీరథ గ్రామాలలో మనిషికి 100 లీటర్లు అని నిర్ణయించి కృష్ణానీటిని తెచ్చినది. మనుష్యుల విషయంలో ఇది గొప్ప మేలు, సందేహం లేదు. ఇంటి నల్లాలో కృష్ణ పారుతూ, పొలం దగ్గరి తొట్టిలో బోరునీరే నిండుతుంటే, ఆ ఊరు ఫ్లోరైడు నుండి విముక్తమైనదని వ్రాయవచ్చునా? పుట్టినది మొదలు ఆ తొట్టి నీరే త్రాగిన దూడ గట్టిపళ్ళు వేసేనాటికి దాని నోరు తెరిచి చూడవలెను.